వాలుగ దవడ

ఒలే వరాలూ, ఆ రాట్నం ఆపు.
పొద్దున్నుంచి నాలుగుసార్లు తెగింది నీ నూలు.
మీ గుంట బడికి ఎల్లనంటున్నాదని
కొట్టీసినావట కదేటి.
నానేటీ అనను.
నానూ కొట్టినాను.

మా మోహిత్ గాడికి అప్పుడు తొమ్మిదో ఏడు.
ఆడు నవ్వితే ఈ పొందూరు సందు సందంతా ఇనిపించీది.
మా ఆయన లారీ మీద ఒరిస్సా ఎల్తే
పదైదు రోజులకి గాని రాడు.
గుంటణ్ణి ట్యూషన్‌కి దింపడానికి మడిసి కావాలి కదా.
వచ్చినాడు ఒకడు.
నాకు వరసకి బావ. నెమ్మదస్తుడు.
కరెంటు బిల్లు కట్టినాడు, రేషన్ బియ్యం మోసుకొచ్చినాడు,
ఆడుకోమని గుంటడికి తన ఫోనిచ్చినాడు.
ఏకులా వచ్చినాడే వరాలూ.
పదేళ్ళుగా ఏకులు సేస్తన్నాను,
నలక్కుండా అరటి డొప్పలో సుట్టి దాస్తన్నాను,
నా సేతికి ఏ ఏకులోనూ
మేకు తగల్నేదు ఎప్పుడూ.

గుంటడు పక్క తడపడం మొదలెట్టినాడు.
పడుకునేముందు నీళ్ళు తాగినాడనుకున్నాను.
సేప పెడితే ముల్లు ముల్లూ ఏరి
ముద్ద ఒదిలీసి లెగిసిపోయీవోడు.
బండి హారను ఇనిపిస్తే
పత్తి బస్తాల ఎనకాల నక్కీవోడు.
"ఆ బండి ఎక్కనమ్మా" అన్నాడు ఒకరోజు.
అంతే. మూడు మాటలు.
"మీ మావయ్య ఎండలో నిలబడ్డాడు, ఎక్కవేటి?" అనీసి
సెంప మీద ఒకటి ఇచ్చినాను.
ఎక్కినాడు.
ఎనక్కి తిరిగి సూసినాడు.
నానప్పుడు తలుపు గొళ్ళెం ఏస్తన్నాను.

దాని తరవాతది నన్నడక్కు.

ఇదిగో, ఈ దవడ సూడు.
ఎంత సేప నోరో, ఎన్ని పళ్ళో!
ఇంత పదునుతోనే కదా పత్తి దువ్వుతాం.
కొండపత్తి గింజని పట్టుకుని ఒదల్దు.
లాగితే పోగు తెగుతాది,
గింజ సితికితే మరకైపోతాది.
పోగు ఎటు నిలబడితే అటే దువ్వమనేది మా అమ్మ.
అలాగే కూసున్నాను గుంటడి పక్కన.

ఆ రేత్రి కరెంటు పోయింది.
సీకట్లో నా మొకం ఆడికి కనబడదు, అదే మంచిదయ్యింది.
ఎవుడు, ఎక్కడ, ఎన్నిసార్లు, ఏటీ అడగనేదు.
"ఆరోజు కొట్టినాను, తప్పు నాదిరా" అన్నాను.
శానాసేపు ఉలుకు నేదు.
గోడ మీద బల్లి ఒకటే మాటాడింది.
అప్పుడు మొదలెట్టినాడు, సివర్నుంచి,
మద్దినుంచి, ఒక ముక్క ఇక్కడిది, ఒక ముక్క అక్కడిది.
నానేడిస్తే ఆపీస్తాడని
పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను.
"అమ్మకి సెప్తే నాన్న లారీ బోల్తా పడిపోద్దన్నాడమ్మా."
తొమ్మిదేళ్ళ గుంటడు
నాలుగు నెలలు లారీని మోసినాడే వరాలూ,
ఒక్కడే,
లోపల నాన్నని కూసోబెట్టుకుని.

"నమ్మినాను రా. నీ తప్పు కాదు."
ఈ రెండే సెప్పినాను. ఇంకేటీ తెలీదు నాకు.

తెల్లారి అంగన్వాడీ గోడ మీద నంబరు సూసి కొట్టినాను,
పది తొంభై ఎనిమిది.
ఏళ్ళు వణికి రెండుసార్లు తప్పు నొక్కినాను.
సికాకోలు నుంచి ఒకావిడొచ్చింది.
పోలీసే, కాని ఖాకీ ఏసుకోనేదు,
గుంటడితో పాటు నేల మీదే కూసుంది.
ఆడు ఆపితే ఆవిడా ఆపింది.
మా అత్త పరువన్నాది.
పెద్దలు "మగపిల్లడికేటి పోయింది" అన్నారు.
ఆల్ల మాట ఇనీసుంటే
ఆ హారను ఈపాటికి ఇంకో గుమ్మం ముందు మోగును.

ఇంకా దీపం ఆర్పనివ్వడు.
నెలకి రెండుసార్లు ఆసుపత్రిలో ఒకమ్మ
బొమ్మలు గీయిస్తాది.
మొదట్లో అన్నీ తలుపుల్నేని ఇళ్ళు గీసీవోడు,
మొన్న ఒక కిటికీ గీసినాడు.
నిన్న ఈ దవడ అడిగి పళ్ళు లెక్కెట్టినాడు.
"ఇది కరవదా అమ్మా?"
"సచ్చిపోయింది కదరా."
నమ్మనేదు. ఏలు పెట్టి సూసుకున్నాడు.

ఎల్లు వరాలూ, ఇంటికెల్లు.
మీ గుంట ఏటి సెప్పిందో నాకొద్దు,
సెప్పకపోయినా దాని పక్కనే కూసో.
నీ నూలు నాను ఒడుకుతాను.